ఒకటో నంబరు ఎవరి దగ్గరుంది?

పోయిన వారం దొబ్రీనా కరాజోవాను వంటింటి బల్ల దగ్గర వదిలిపెట్టి వచ్చాం. ఆ బల్ల సొరుగులో ఒక ఉత్తరం ఉంది. ఇరవై ఆరేళ్ళుగా తాను నడిపిస్తున్న మందుల షాపు బాధ్యతను సోమవారం నుంచి షాపులో పనిచేసే కాలీనాకు అప్పగిస్తున్నట్టు రాసి సంతకం కూడా పెట్టేసింది. ఆ మాట కాలీనాకు ముందే చెప్పింది కానీ, కారణం చెప్పలేదు, ఉత్తరంలోనూ రాయలేదు. అది మనకు తెలుసు. భర్త స్తోయిల్ పోయినప్పటి నుంచి, అంటే పది నెలలుగా, ఆమె ఆర్పి వెళ్ళిన దీపం తిరిగొచ్చేసరికి వెలుగుతోంది. ఎత్తి ఉంచిన కిటికీ షట్టర్లు దిగి ఉంటున్నాయి. స్నానాల గదిలో బాయిలర్ ఎవరో వేసినట్టు వేడెక్కి ఉంటోంది. ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. అన్నీ తానే చేసి తానే మరిచిపోతున్నానని దొబ్రీనా తీర్మానించుకుంది. వాళ్ళ అమ్మమ్మకు మతి పోవడం ఇలాగే మొదలైంది. ఒకరికి ఇవ్వాల్సిన మందు ఇంకొకరికి ఇచ్చి ప్రాణం మీదికి తెచ్చేలోపు తప్పుకోవడం మంచిదనుకుంది. ఆమెకు యాభై నాలుగేళ్ళు.

ఆ శనివారం ఆమె షాపుకు వెళ్ళలేదు. స్నానాల గదిలో ఫ్యాన్ స్విచ్ కాలిపోతే ఎలక్ట్రీషియన్ ఇస్క్రాను పిలిపించింది. ఇస్క్రా కొత్త స్విచ్ గోడలో బిగించి, హాల్లో గోడకున్న, దీపాలూ షట్టర్లూ నడిపే పలక ముందు నిలబడి, మూడోసారి అదే బటన్ నొక్కుతోంది. అక్కడి నుంచి.

“ఇది ఒప్పుకోవడం లేదు,” అంది ఇస్క్రా.

“ఏది?” వంటింట్లోంచే అడిగింది దొబ్రీనా. ఆమె ముందు పళ్ళెం నిండా కాల్చిన ఎర్ర మిరపకాయలు ఉన్నాయి. పొద్దుట బాల్కనీలో కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఇప్పుడు ఒక్కొక్కటే తొక్క ఒలుస్తోంది. మణికట్టు దాకా ఎర్రటి రసం.

“ఈ పలకండీ. కొత్త స్విచ్చిని చేర్చుకోమంటే నాకా అధికారం లేదంటోంది.”

“స్విచ్ పాడైందేమో.”

“ఇందాకే పెట్టె విప్పాను. స్విచ్చికేం రోగం లేదు. మనం అడగాల్సిన వాళ్ళని అడగడం లేదు, అంతే.”

ఇస్క్రాకు ముప్పై అయిదుంటాయి. పొట్టి జుట్టు, మోకాళ్ళ దగ్గర అరిగిన పంట్లాం, ఏది చెప్పినా ఆరిపోయిన బల్బు గురించి చెప్పినంత నిదానం. వంటింట్లోకి వచ్చి బల్ల మీద ఖాళీ చూసుకుని లాప్‌టాప్ పెట్టింది. దానికి వేలెడంత రేడియో ముక్క ఒకటి గుచ్చింది.

“మీ ఆయనగారు ఇదంతా దేంతో మొదలుపెట్టారు, గుర్తుందా?”

గుర్తుందా అనే మాట ఈ మధ్య దొబ్రీనాకు గుచ్చుకుంటుంది. అయినా చెప్పింది. “స్తోయిల్ నదిలో ఓడల్ని లాగే టగ్గు పడవల మీద రేడియో చూసేవాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ముందు ఒక రిమోట్ కొనుక్కొచ్చాడు. తెల్లది, అరచేతంత ఉండేది. దాంతో దీపాలు పెట్టాడు. తరవాత ఆ పలక కొన్నాడు, నాకు సులువుగా ఉంటుందని. ఆ పైన బాయిలర్, షట్టర్లు, చివర్లో వీధి తలుపు తాళం.”

“ఆ రిమోట్ ఏది?”

“చూళ్ళేదు. పలకుంది కదా, అన్నీ దాంతోనే నడుస్తున్నాయి.”

“నడుస్తాయి. నడపడం వేరు.” ఇస్క్రా ఒక మిరపకాయ తీసుకుని, ఉప్పు కూడా అడక్కుండా నోట్లో వేసుకుంది. “ఈ స్విచ్చులు, షట్టర్లు, అన్నీ తీగ లేకుండా ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి కదా. అదో కుటుంబం అనుకోండి. చేరిన వరసలో ప్రతి దానికీ ఒక నంబరుంటుంది. కుటుంబాన్ని మొదలుపెట్టింది ఒకటో నంబరు. కొత్తవాళ్ళని చేర్చుకోవాలన్నా, ఉన్నవాళ్ళని తీసెయ్యాలన్నా దానికే చెల్లుతుంది. మిగతా కంట్రోలర్లు ఎన్నున్నా సరే, వెలిగించగలవు, ఆర్పగలవు. చేర్చలేవు, తీసెయ్యలేవు. మీ పలక ఆరో నంబరు.”

“కాలీనా లాగా,” అంది దొబ్రీనా.

“ఎవరు?”

“మా షాపులో అమ్మాయి. మందులన్నీ తనే ఇస్తుంది. కానీ తాళం వేసిన బీరువాలోకి కొత్త మందు రావాలన్నా, ఉన్నది తీసి పారెయ్యాలన్నా నా సంతకం కావాలి.”

“అదే. మీ పలక కాలీనా అన్నమాట. మీరెక్కడున్నారో వెతకాలి మనం.”

ఇస్క్రా మామూలుగానే అంది. దొబ్రీనా చేతిలో కత్తి మాత్రం కాసేపు ఆగింది.

“అది పోయుంటే?”

“పోయుంటే ప్రతి స్విచ్చునీ గోడలోంచి లాగి, పాత సంగతులన్నీ మరిపించి, మళ్ళీ మొదటినుంచీ కట్టుకురావాలి. రెండ్రోజుల పని. చేస్తాననుకోండి. కానీ ముందు అది బతికుందో లేదో చూడాలి.” లాప్‌టాప్ తెర మీద ఏవో గీతలు కదులుతున్నాయి. వాటినే చూస్తూ ఇస్క్రా అడిగింది. “ఈ మధ్య ఇంట్లో ఏవైనా వాటంతటవే వెలగడం, ఆరడం లాంటివి జరిగాయా?”

దొబ్రీనా లేచి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో ఎరుపు పోకపోయినా తుడుచుకుని, పడగ్గదిలోకి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చింది. పది నెలల్లో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఆ విధంగా అడగలేదు. నిద్ర పడుతోందా అని అడిగారు, ఆకలి ఉందా అని అడిగారు, ఈ రోజు ఏ వారమో చెప్పమన్నారు. దీపాలు వాటంతటవే వెలుగుతున్నాయా అని ఎవరూ అడగలేదు.

ఇస్క్రా పుస్తకం తెరిచింది. ‘మార్చి 4. హాల్ దీపం ఆర్పాను. చేత్తో ముట్టి చూశాను. సాయంత్రం వెలుగుతోంది. మార్చి 9. షట్టర్లు ఎత్తే ఉంచాను. వచ్చేసరికి దిగి ఉన్నాయి. మార్చి 15. బాయిలర్ వెయ్యలేదు. వెయ్యలేదు. నీళ్ళు వేడిగా ఉన్నాయి.’ పేజీల తరబడి అదే వరస. ఒక చోట ‘వెయ్యలేదు’ అన్న మాట కింద కాగితం చిరిగేటంత గట్టిగా గీత గీసి ఉంది.

“దీన్ని డాక్టరుకి చూపించారా?”

“చూపించాను. గడియారం బొమ్మ గియ్యమన్నాడు, గీశాను. వందనుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు, పెట్టాను. బాగానే ఉంది, ఆరు నెలలాగి మళ్ళీ రండి అన్నాడు.”

“ఎలక్ట్రీషియన్‌కి?”

“ఎలక్ట్రీషియన్‌కి ఎందుకు చూపిస్తాను?”

ఇస్క్రా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. “నాకేం తొందర లేదు. మీరు మీ మిరపకాయలు ఒలుచుకోండి. నేను వింటూంటాను.”

నది వైపు నుంచి మబ్బు పట్టింది. వంటిల్లు చీకటి పడ్డట్టయింది. దొబ్రీనా ఒలుస్తోంది, ఇస్క్రా తెర చూస్తోంది. ఒక ముక్క రొట్టె, కాస్త తెల్ల జున్ను ముందు పెడితే ఇస్క్రా మాట్లాడకుండా తినేసింది. మూడు దాటిన పది నిమిషాలకు మొదటి చినుకులు రేకు మీద టపటపమన్నాయి. ఆ తరవాత నిమిషం కూడా కాలేదు, పెద్ద కిటికీ పైన మోటారు చిన్నగా మూలిగింది. షట్టరు తనంతట తాను కిందికి దిగసాగింది.

దొబ్రీనా కదల్లేదు. రెండు చేతులూ మిరపకాయల పళ్ళెంలో ఉన్నాయి. షట్టరు కిటికీ సగానికి వచ్చింది, ఇంకా దిగింది, అడుగున తగిలి ఆగింది.

“ఇస్క్రా,” అంది. “అది దిగింది కదా.”

“దిగింది.”

“నువ్వూ చూశావు కదా.”

“చూశాను. విన్నాను కూడా. ఇదిగో.” ఇస్క్రా లాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. “ఒకటో నంబరు నుంచి తొమ్మిదో నంబరుకి, దిగు అని. మూడూ పదకొండుకి. మీ పలక అసలు నోరు విప్పలేదు.”

“నా చేతులు…”

“మీ చేతులు పళ్ళెంలో ఉన్నాయి, దొబ్రీనాగారూ. నేను సాక్ష్యం చెబుతాను.”

“మళ్ళీ చెప్పు.”

“ఒకటి నుంచి తొమ్మిదికి. మీరు కాదు. మీ పలకా కాదు. మీకే జబ్బూ లేదు. ఉంటే గింటే మిరపకాయల జబ్బుంది, ఇన్ని కాల్చారు.”

దొబ్రీనా నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో తెగి, ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. చెంపలంతా ఎర్ర రసం అయింది. పది నెలలుగా మెడ వెనక ఎవరో పిడికిలి బిగించి పట్టుకున్నట్టుండేది. ఆ పిడికిలి వేలు వేలుగా విడుతోంది. ఆమె తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకుంది. గ్లాసుడు నీళ్ళు తాగింది. ఆ తరవాత ఆమెకు కోపం వచ్చింది.

“ఆ రిమోట్ ఎంత దూరం నుంచి పనిచేస్తుంది?”

“ఈ గోడలకైతే నలభై, యాభై అడుగులు. వీధిలోంచి కష్టం. ఈ బిల్డింగులోనే ఉంది.”

మూడంతస్తుల ఇల్లది. మధ్య అంతస్తులో పళ్ళ డాక్టరు, శనివారం తాళం. కింద ఉండేది ఒక్కడే, స్తోయిల్ తమ్ముడు ఆసెన్. రేవులో క్రేన్ నడుపుతాడు. పెళ్ళి చేసుకోలేదు. వదినతో నెలకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

దొబ్రీనా ఏప్రన్ కూడా విప్పలేదు. మెట్లు దిగుతుంటే ఇస్క్రా వెనకాలే వచ్చింది.

ఆసెన్ తలుపు తీశాడు. ఉన్ని చొక్కా, ఇంటి చెప్పులు, చేతిలో టీ కప్పు. వదినను చూడగానే కప్పు కాస్త ఒలికింది.

“వదినా? ఈ రోజు శనివారం కదా. షాపులో లేవా?”

“లేను. ఏదీ, చెయ్యి పట్టు.”

“ఏ చెయ్యి?”

“జేబులో ఉన్న చెయ్యి.”

అతను టీ కప్పు చెప్పుల స్టాండు మీద పెట్టాడు. జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. అరచేతిలో తెల్ల రిమోట్ ఉంది. స్తోయిల్ బొటనవేలు అరగదీసిన బటన్ మీద అంకె చెరిగిపోయి ఉంది.

“వానొస్తోంది కదా వదినా,” అన్నాడు. “అటువైపు కిటికీలోకి జల్లు కొడుతుంది. నువ్వు లేవనుకున్నాను.”

“ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావీ పని?”

“అన్నయ్య పోయినప్పట్నుంచీ.”

“బాయిలర్?”

“అదీ నేనే. నువ్వు ఆరింటికి లేస్తావు. అయిదున్నరకి వేస్తే నీళ్ళు కాగి ఉంటాయి.”

“హాల్లో దీపం?”

“నువ్వు సందు మలుపు తిరిగేటప్పుడు ఈ కిటికీలోంచి కనబడతావు. చీకటింట్లోకి రావడం నీకిష్టం ఉండదని అన్నయ్య…” అతను మాట ఆపి ఇస్క్రా వైపు చూశాడు. ఎవరీమె అన్నట్టు.

“ఎలక్ట్రీషియన్,” అంది ఇస్క్రా. “మీరు కానివ్వండి.”

దొబ్రీనా గుమ్మంలోనే నిలబడి, చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు చెప్పింది. “నాకు మతి పోతోందనుకున్నాను ఆసెన్. పది నెలలుగా రోజూ పుస్తకంలో రాసుకుంటున్నాను, దీపం ఆర్పాను, స్విచ్ ముట్టుకున్నాను అని. డాక్టరు దగ్గరికెళ్ళి చిన్నపిల్లలా గడియారం బొమ్మ గీశాను. సోమవారం షాపు వదిలేస్తున్నాను. ఉత్తరం రాసి పెట్టాను. నీకు ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?”

ఆసెన్ ముఖంలో రక్తం లేదు. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. క్రేన్ పైన నలభై మీటర్ల ఎత్తులో కూర్చుని పడవల్లోకి కంటైనర్లు దించే మనిషికి ఇప్పుడు తన రెండు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నాకు తెలీదు వదినా. మందులేవో వాడుతున్నావని కాలీనా అంది. ప్రెషర్ అనుకున్నాను.”

“ప్రెషరే. నువ్వు పెట్టిన ప్రెషర్.”

“అన్నయ్య ఆసుపత్రిలో చేతిలో పెట్టి చెప్పాడు. దొబ్రీనా ఎవర్నీ ఏదీ అడగదు. అడిగితే వద్దంటుంది. చెప్పకుండా చెయ్యి, తెలిసిందంటే నిన్ను చంపేస్తుంది అన్నాడు. నేను నీకు తెలీకుండా చెయ్యడమే సాయం అనుకున్నాను. నువ్వింట్లో లేనప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో చూసుకుని చేసేవాణ్ణి.” అతను రిమోట్ వైపు చూశాడు. “ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరమొచ్చినా లేచి బాయిలర్ వేశాను.”

కోపమంతా మెట్ల మీద కూడబెట్టుకుని వచ్చిన దొబ్రీనాకు ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో పాలుపోలేదు. శీతాకాలమంతా పొద్దున్నే ఆ వేడినీళ్ళు ఒంటి మీద పడుతుంటే భయంతో వణికింది. ఆ నీళ్ళ కోసం కింద ఒకడు జ్వరంతో లేచి కూర్చున్నాడు. గుమ్మం పట్టుకుని నిలబడిన ఆమె భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందనుకుని ఆసెన్ లేవబోయాడు. ఆమె నవ్వుతోంది.

“మీ అన్నదమ్ములిద్దరికీ కలిపి దేవుడు ఒకే నోరిచ్చాడు. అది కూడా మీ అన్నయ్య తీసుకుపోయాడు,” అంది. “లే. పైకి రా. ఆ చెప్పులతోనే రా, పర్లేదు.”

పైన వంటింట్లో ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బయట వాన పట్టుకుంది. ఇస్క్రా పలకను గోడ మీద నుంచి ఊడదీసి తెచ్చి రిమోట్ పక్కన పెట్టింది.

“ఇప్పుడు అసలు పని. రిమోట్ తన పెద్దరికం ఇంకొకరికి ఇవ్వగలదు. లాక్కోవడం కుదరదు. ఉన్నవాళ్ళు తమంతట తాము ఇవ్వాలి, పక్కనే ఉండి ఇవ్వాలి. పలకకి ఇచ్చేస్తే ఇక అది పెద్ద, రిమోట్ దాని కింద.” ఆసెన్ వైపు తిరిగింది. “మీరు ఈ రెండు బటన్లూ కలిపి నొక్కాలి. నేను నొక్కొచ్చు కానీ, మీరు నొక్కితే బాగుంటుంది.”

ఆసెన్ రిమోట్ తీసుకున్నాడు. నొక్కలేదు. “ఇచ్చేస్తే ఇది చచ్చిపోతుందా?”

“పోదు. ఇప్పుడు చేస్తున్నవన్నీ చేస్తుంది. దీపాలు, బాయిలర్, షట్టర్లు. కొత్తవాటిని చేర్చడం, తీసెయ్యడం మాత్రం చెయ్యదు.”

“నేనెప్పుడూ చేర్చలేదు, తీసెయ్యలేదు. నాకు రాదు.”

“మరింకేం.”

అయినా అతను నొక్కలేదు. దొబ్రీనా అతని వేళ్ళ వైపే చూస్తోంది. అన్న చేతిలో పెట్టి చెప్పిన చివరి పని అది. ఆమె చెయ్యి చాచి రిమోట్ అడగలేదు.

“ఆసెన్, అది నీ దగ్గరే ఉంచుకో,” అంది. “బాయిలర్ నువ్వే వెయ్యి. నీ అంత టైముకి నేను వెయ్యలేను. ఒక్కటే షరతు. షట్టరు దించే ముందు ఫోన్ చెయ్యి. వదినా, వానొస్తోంది, దించుతున్నాను అను. అయిదు మాటలు కూడా లేవు. ఆ మాత్రం మాట్లాడగలవా?”

ఆసెన్ సరేనని తల అడ్డంగా ఊపాడు, వాళ్ళ దేశంలో ఒప్పుకోవడమంటే అదే. రెండు బటన్లూ కలిపి నొక్కాడు. ఇస్క్రా పలక మీద వేలు పెట్టింది. రిమోట్ మీద చిన్న దీపం ఆకుపచ్చగా మినుకుమంది. కాసేపు ఏమీ జరగలేదు. తరవాత పలక తెర వెలిగి, పైన వరసలో ఇంతకుముందు లేని ఒక మాట కనిపించింది. ‘ప్రధాన కంట్రోలర్’.

“అయిపోయిందా?” అన్నాడు ఆసెన్, అంతేనా అన్నట్టు.

“అయిపోయింది. ఇప్పుడు ఫ్యాన్ స్విచ్ చేర్చుకోమందాం.” ఇస్క్రా స్నానాల గదిలోకి వెళ్ళి స్విచ్ నొక్కింది. పలక ఈసారి ఎదురు చెప్పలేదు. లోపల ఫ్యాన్ తిరిగిన చప్పుడు వినిపించింది. ఏడు నిమిషాల పని కోసం పొద్దుటినుంచీ తంటాలు పడ్డ ఇస్క్రా వచ్చి, ఇంకో రొట్టె ముక్క అందుకుంది.

దొబ్రీనా సొరుగు లాగింది. ఉత్తరం తీసి, మడత విప్పకుండానే నిలువునా చింపింది, అడ్డంగా చింపింది. మిరపకాయల తొక్కల గిన్నెలో పడేసింది. ఫోన్ తీసుకుంది.

“కాలీనా, సోమవారం నేనే తెరుస్తాను. ఆఁ, మామూలుగానే. లేదమ్మా, ఒంట్లో బాగానే ఉంది. చాలా బాగుంది.” అవతల కాలీనా గుక్కతిప్పుకోకుండా ఏదో మాట్లాడుతోంది. దొబ్రీనా వింటూ కళ్ళు మూసుకుంది. “నిన్ను బతికించానా? నేనా? ఎందుకే? అంత భయపడ్డావా షాపంటే? నాకు చెప్పొచ్చు కదా మరి. ఈ ఊళ్ళో నాతో ఎవరూ ఏమీ చెప్పరు.”

ఫోన్ పెట్టేసి షట్టరు వైపు చూసింది. దాన్ని ఎత్తాలనిపించింది. తానే లేచి, పలక మీద వేలు పెట్టి ఎత్తింది. కిటికీ నిండా వాన కనిపించింది. జల్లు లోపలికి కొడుతోంది, గట్టు తడుస్తోంది. తడవనీ అనుకుంది. ఒక కుర్చీ కిటికీకి దగ్గరగా లాక్కుని, ముగ్గురికీ టీ పోసింది. పది నెలల్లో మొదటిసారి, ఏం ఆర్పాను, ఏం వేశాను అని మనసులో లెక్క చూసుకోకుండా కూర్చుంది.

ఆసెన్ మిరపకాయలు ఒలవడానికి కత్తి అందుకున్నాడు. బాగానే ఒలుస్తున్నాడు. ఆమె చూస్తూ అంది, సరదాగానే. “అన్నీ బాగున్నాయి కానీ, వీధి తలుపు తాళం తీసి పెట్టేవాడివే, అదెందుకు? మూడుసార్లు వచ్చేసరికి తాళం తీసే ఉంది. ఇంట్లో పూచికపుల్ల కూడా పోలేదు కానీ, నా ప్రాణం పోయింది.”

ఆసెన్ తలెత్తాడు. “తాళమా?”

“తాళమే.”

“తాళం నేనెప్పుడూ ముట్టుకోలేదు వదినా. మా అమ్మ మీద ఒట్టు. తాళం బటన్ ఏదో కూడా నాకు తెలీదు.”

ఇస్క్రా నమలడం ఆపింది. పలకను తనవైపు తిప్పుకుంది. ఇప్పుడది ప్రధానం కాబట్టి కుటుంబం మొత్తం జాబితా చూపిస్తుంది. ఆమె వేలితో కిందికి జరుపుతూ వచ్చింది. “ఒకటి, ఈ రిమోట్. ఆరు, పలక. రెండు నుంచి అయిదు దీపాలు. ఏడు బాయిలర్. ఎనిమిది నుంచి పదకొండు షట్టర్లు. పన్నెండు తాళం. పద్నాలుగు ఇప్పుడు చేర్చిన ఫ్యాన్.” వేలు పైకి వెళ్ళి ఒక వరస దగ్గర ఆగింది. “పదమూడు.”

“పదమూడేంటి?” అంది దొబ్రీనా.

“కంట్రోలర్. చేతిలో పట్టుకునే రిమోట్. ఈ రిమోట్, పలక కాక మూడోది.”

ఇస్క్రా తన మామూలు నిదానంతోనే చెప్పింది. “ఇందాక చెప్పాను కదా, చేర్చే హక్కు ఒకటో నంబరుకే ఉంటుందని. ఇది తాళం పెట్టిన తరవాత, ఒకటో నంబరు చేతిలో ఉన్నవాళ్ళు కావాలని చేర్చుకున్నది. పొరపాటున జరిగేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చెయ్యాలి.” ఆసెన్ వైపు చూసింది. “మీకు చేర్చడం రాదన్నారు.”

“రాదు.”

“అయితే మీ అన్నయ్య.”

దొబ్రీనాకు భయం వేయలేదు. తనకే ఆశ్చర్యం అనిపించింది. తన చెయ్యి కాదని తేలిపోయాక, ఇక ఎవరి చెయ్యైనా వెతికి పట్టుకోవచ్చనిపించింది. “ఈ పూటకి లోపల గొళ్ళెం పెట్టుకుంటాను,” అంది. “ఆసెన్, మీ అన్నయ్య నీకేమైనా చెప్పాడా? ఇంకో రిమోట్ గురించి?”

ఆసెన్ కత్తి కింద పెట్టాడు. రిమోట్ గురించి తెలియదన్నాడు. అంతలోనే, “కవరు,” అన్నాడు.

“ఏ కవరు?”

“ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం అన్నయ్య ఒక కవరిచ్చి పోస్టు చెయ్యమన్నాడు. మందంగా, లోపల గట్టిగా ఏదో ఉంది. ఇంత ఉంటుంది.” అరచేయి చూపించాడు. “నదికి అవతలి ఒడ్డు ఊరు. ఒక ఆడమనిషి పేరు. నీతో అనొద్దన్నాడు. అన్నయ్య అనొద్దన్నవన్నీ నేను అనలేదు వదినా, అదే నా ఖర్మ.”

“పేరు గుర్తుందా?”

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. కిటికీ గట్టు మీద చేరిన నీళ్ళను చూస్తూ చెప్పాడు.

“మొదటి పేరు గుర్తు లేదు. ఇంటిపేరు మరిచిపోవడానికి లేదు. అది మనదే.”